ఎముక పలుకు

పూతరేకు విరగాల్సిన చోట సత్తిబాబు ముంజేయి విరిగింది.

కాలు జారలేదు, బరువు మీద పడలేదు, ఎవరూ కొట్టలేదు. నిక్షేపంలాంటి మనిషి యంత్రం ముందున్న బల్ల మీద రేకుల దొంతర పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడు, అంతే. ఫట్‌మని చప్పుడైంది. రేకులు రేకుల్లాగే ఉన్నాయి. సత్తిబాబు చెయ్యి మాత్రం మోచేతికీ మణికట్టుకీ మధ్య ఇంకో కీలు పుట్టినట్టు కిందికి వేలాడిపోయింది. ఒక్క క్షణం ఆయన దానికేసి, అదెవరి చెయ్యో అన్నట్టు చూశాడు. ఆ తర్వాత వేసిన కేక ఫ్యాక్టరీ అంతటా వినబడింది.

హైమవతి గాజు తలుపుకి ఇవతల, మీట దగ్గర ఉంది. మీట నొక్కింది ఆమే. యంత్రం కట్టేసి, తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తేసరికి ఎముక మొన చర్మం చీల్చుకుని బయటికొచ్చేసింది. రక్తం ధారకట్టి రేకుల మీద పడింది. అవి తడికి మెత్తబడి ఎర్రగా ముడుచుకుపోయాయి.

"ఏంటండీ ఇది... నన్నేం చేసేరండీ అమ్మగారూ..." అంటూ సత్తిబాబు నేల మీద కూలబడ్డాడు.

ఏం చేసిందో ఆమెకీ తెలీదు. చున్నీ తీసి చేతికి చుట్టి బిగించింది. చుట్టిన చున్నీ చుట్టినట్టే తడిసిపోయింది. నలుగురొచ్చి ఆయన్ని మోసుకెళ్ళి వ్యానెక్కించారు. అంతా వెళ్ళాక హైమ ఒంటరిగా యంత్రం ముందు నిలబడి తెర వంక చూసింది. యంత్రానికి తెలిసిన చప్పుళ్ళన్నీ ఆ తెర మీద వరసగా పేర్లతో ఉంటాయి. అప్పడం, వడియం, చేగోడీ, రేకు. దేని పలుకు వినబడితే దాని పేరు పక్కన దీపం వెలుగుతుంది. ఇప్పుడు వెలుగుతున్నది రేకు పక్కన కాదు. అన్నిటికంటే కింద, అయిదో పేరు పక్కన.

ఆ పేరు 'అమ్మ'.

*

ఆరిన తిండి ఎందుకు విరుగుతుందో హైమకి పుస్తకాలు చెప్పకముందే వాళ్ళింటి రేకుల కుండ చెప్పింది. అమ్మ నూకరత్నం ఆ కుండ ముందు నలభై అయిదేళ్ళుగా కూర్చుంటోంది. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి. గుడ్డ పిండిలో ముంచి కుండ మీంచి ఒక్క లాగు లాగితే కంటికి ఆనీ ఆనని రేకు లేస్తుంది. చుట్టేముందు తడిగుడ్డతో ఒక్కసారి తుడుస్తుంది, అంతే, పెళపెళలాడే రేకు చెప్పినట్టు వంగుతుంది. కానీ దూరాలకి పంపిన పెట్టెలు మాత్రం తెరిచేసరికి సగం పొడే. "గట్టిగానే కట్టేనే. ఎవరు ముట్టుకున్నారనీ?" అని నూకరత్నం నెత్తి కొట్టుకునేది.

ఎవరూ ముట్టుకోలేదు. అదే దాని సంగతి. ఆరేటప్పుడు అంచులు ముందు ఆరి బిగుసుకుంటాయి. నడుమ తీరిగ్గా ఆరుతూ వాటిని లోపలికి లాగుతుంది. సర్దుకుందామంటే తడి లేదు. తడి లేని పిండి గాజుతో సమానం, కదలదు, మెదలదు. ఆ గుంజాటన అలాగే లోపల గడ్డకట్టి ఉండిపోతుంది. రెండోనాడో మూడోనాడో కాస్త వానగాలి అంచుకి తగిలి, అంచు ఉబ్బగానే నడుమ ఫట్‌మంటుంది. అప్పడమైనా, బిస్కెట్టయినా, వడియమైనా ఇదే తంతు. పగిలేముందు ప్రతిదీ చెవికందనంత సన్నగా చిటుక్కుమని పలుకుతుంది.

చదువు పూర్తయ్యాక హైమ పొడి తినుబండారాల కంపెనీలో చేరింది. ఆరేళ్ళు కూర్చుని ఆ పలుకు వినే యంత్రం కట్టింది. వినడమే కాదు, విన్నదానికి సరిగ్గా ఎదురు చప్పుడు పంపి ఆ గుంజాటనని జోకొడుతుంది. అందుకే దానికి 'ఓదార్పు' అని పేరు పెట్టుకుంది. నవ్వకండి, అప్పుడది నవ్వే పేరు కాదు. ఇక్కడ దొంతర పెడితే అక్కడ ఢిల్లీలో ఒక్క రేకూ చెక్కుచెదరలేదు. కానీ ఎంతవరకు ఓదార్చిందో తెలియాలంటే ఓదార్చనిదాన్ని విరగ్గొట్టి చూడాలి కదా. అందుకని విన్న చప్పుడునే పదింతలు చేసి తిరిగి పంపే మీట ఇంకొకటి పెట్టింది. దాని పేరు 'విరుపు'. ఆ మీట పెట్టమని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

యంత్రం చెవిని, అంటే చప్పుడు పట్టే డబ్బాని, ఒకసారి ఇంటికి తెచ్చింది, కుండ దగ్గర రేకు పలుకు పట్టుకుందామని. అమ్మ గుడ్డ లాగుతుంటే రేకు పలక్కముందే దాని మీది ముల్లు ఎగిరింది.

"అమ్మా! నీ మణికట్టు వడియంలా పలుకుతోందే!"

"నలభై అయిదేళ్ళు గుడ్డ లాగిన చెయ్యే, పలక్కేం చేత్తాది? రాత్రయితే నిద్దరపోనివ్వదు, కటకటా సలుపుద్ది" అని నవ్వేసింది నూకరత్నం. "నీ డబ్బాకి నా బాధ తెలిసింది, నీకు తెలీలేదు."

ఆ మాటకి హైమ కూడా నవ్వింది. అమ్మ చెయ్యి పట్టుకుని, యంత్రం చెవికి ఆనించి, ఆ పలుకుని పదిసార్లు పట్టి దాచింది. ఎందుకంటే ఏం చెబుతుంది? ముచ్చటేసింది. 'అమ్మ' అని పేరు పెట్టి అప్పడం వడియాల కింద చేర్చింది. ఆ తర్వాత కంపెనీకి ఇచ్చిన నివేదికలో మాత్రం, జీవమున్న ఎముక తడిది కాబట్టి ఈ యంత్రం వల్ల మనుషులకి ఏ ప్రమాదమూ లేదని రాసి సంతకం పెట్టింది.

*

తెర మీద 'అమ్మ' అన్న పేరు చూడగానే ఆమె తెర మీదికి వంగింది. పేరు మీద వేలు పెట్టింది. చెరిపెయ్యాలా అని యంత్రం అడిగింది. ఒక్కటి చెరిపితే మిగతా చప్పుళ్ళన్నీ మళ్ళీ మొదట్నుంచీ నేర్పాలి. అన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి నేర్చుకున్నాయి మరి. ఆరేళ్ళ పని.

వేలు అక్కడే ఉంచి నిలబడింది. ముందు సత్తిబాబు సంగతి చూద్దాం, రేపు తీరిగ్గా చూసుకోవచ్చులే అనుకుని వేలు తీసేసింది.

అప్పుడే కంపెనీ యజమాని చక్రధర్ లోపలికొచ్చాడు. ఆయన నోట్లో ఎప్పుడూ వక్క ఉంటుంది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కటుక్కు కటుక్కుమని కొరుకుతూనే ఉంటాడు. నేల మీద రక్తం మరక తొక్కకుండా చుట్టూ తిరిగొచ్చి యంత్రం పక్కన నిలబడ్డాడు.

"ఎలా ఉందమ్మా వాడికి?"

"ఎముక బయటికొచ్చేసింది సర్. ఇది ఇంక నడపకూడదు. నేను..."

"ఎంత దూరం నుంచి పనిచేస్తుంది?"

హైమకి మొదట అర్థం కాలేదు. "ఏది సర్?"

"అదే, ఇందాకటిది" అన్నాడు, ఇంకో వక్కముక్క నోట్లో వేసుకుంటూ.

ఆమె ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడ డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూపించాడు. విరిగిన చోటే కాకుండా ఎముక పొడవునా వెంట్రుక కన్నా సన్నటి గీతలు. "ఇవి ఈ రోజువి కావమ్మా. ఈయనేం పని చేస్తాడు?"

ఇరవై ఏళ్ళుగా బియ్యం బస్తాలు మోశాడు సత్తిబాబు. ఒళ్ళు వంచి పనిచేసిన ప్రతివాడి ఎముకలోనూ ఇలాంటి గీతలు పడుతూనే ఉంటాయి, ఒళ్ళు వాటిని పూడ్చుకుంటూనే ఉంటుంది. ఎముక తడిదే, కానీ గీత మాత్రం వడియంలాగే పలుకుతుంది. ఆ పలుకు ఎలా ఉంటుందో యంత్రానికి ఎవరూ చెప్పకపోతే దానికి తెలిసేది కాదు.

సాయంత్రం ఫ్యాక్టరీకి తిరిగొచ్చేసరికి గదిలో యంత్రం లేదు.

*

మర్నాడు పొద్దున్నే నాలుగొందల మంది గేటు బయట బైఠాయించారు. సత్తిబాబుకి వైద్యం చేయించాలి, ఆ యంత్రాన్ని ఫ్యాక్టరీలోంచి తీసెయ్యాలి. అడిగింది ఆ రెండే. ముందు నిలబడి మాట్లాడుతున్నవాడు హైమ తమ్ముడు తాతాజీ. బస్తాల గోడౌనులో పనిచేస్తాడు, నోరు కాస్త పెద్దది, మనసు వెన్నపూస.

"అక్కా, నువ్వు లోపలికెళ్ళకు. ఇటు కూచో" అన్నాడు ఆమెని చూసి.

"ఒరేయ్, ఆ యంత్రం ఎక్కడుందో ముందు కనుక్కోవాలిరా. మీరంతా ఇంటికెళ్ళిపోండి. నా మాట విను."

"ఇంటికెల్లిపోతే సత్తిబాబు చెయ్యి ఎవడతికిత్తాడే?"

ఆమె లోపలికి పరుగెత్తింది. గేటు పక్కన కాపలావాళ్ళ గది డాబా మీద గొడుగు వేసి ఉంది. ఆ గొడుగు కింద, తార్పాలిన్ తొలగించిన 'ఓదార్పు' నోరు జనం వైపు తిరిగి ఉంది. చక్రధర్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెయ్యి మీట మీద ఉంది.

హైమ మెట్లెక్కుతుండగానే బయట మొదటి చప్పుడైంది. తాతాజీ స్టూలు మీద నిలబడి మాట్లాడుతున్నవాడు మాట మధ్యలో ఆగిపోయాడు. ఎడమ భుజం మీద, ఏళ్ళ తరబడి బస్తా ఆనిన చోట, మెడ కింది అడ్డ ఎముక రెండు ముక్కలై చర్మం కింద గుడారంలా లేచింది. స్టూలు మీంచి ముఖం మీద పడ్డాడు. అతని పక్కన రోకలితో దంచే పార్వతీశం మోచెయ్యి, వెనకాల పిండి రుబ్బే మహాలక్ష్మి వేళ్ళు, వరసగా ఫట్ ఫట్ ఫట్. ఎవరూ ఎవర్నీ ముట్టుకోలేదు. మనుషులు నిలబడిన చోటే విరిగి పడుతున్నారు. మహాలక్ష్మి వెనక్కి వంగిపోయిన తన వేళ్ళని చూసుకుంటూ పిచ్చెత్తినట్టు అరుస్తోంది. జనం ఒకర్నొకరు తొక్కుకుంటూ పరుగెత్తారు. ఆ తొక్కిసలాటలో ఇంకో ఇద్దరి పక్కటెముకలు పోయాయి.

హైమ డాబా మీదికొచ్చి మీట కిందికి లాగి యంత్రం ఆపేసింది.

"పోలీసులకి చెబుతాను" అంది. "అందరికీ చెబుతాను."

"చెప్పమ్మా. ఏమని చెబుతావు?" చక్రధర్ నెమ్మదిగా వక్క నమిలాడు. "కర్ర లేదు, కత్తి లేదు, గుండు లేదు. ఎవడు కొట్టాడు వాళ్ళని? ఎముకలకి ఏమీ కాదని కాగితం మీద సంతకం పెట్టింది నువ్వేగా. అది నా బీరువాలో ఉంది."

ఇద్దరు కాపలావాళ్ళు ఆమెని రెక్క పుచ్చుకుని కిందికి దింపారు. ఆమె సంతకం ఆమె గొంతుకే అడ్డంపడింది. స్టేషనుకి వెళ్ళింది కూడా. రాసుకున్నారు, పంపించేశారు.

*

ఇంటికొచ్చేసరికి తాతాజీ భుజానికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. నూకరత్నం అతనికి జావ పట్టిస్తోంది.

"ఒసేయ్ హైమా, దానికి విరుగుడంటూ లేదా?" అంది తలెత్తకుండానే.

"తడి దాటి పోలేదమ్మా ఆ చప్పుడు. తడిగుడ్డ అడ్డం ఉంటే వెనక్కి కొట్టేస్తుంది. కానీ నువ్వు అటు వెళ్ళొద్దు. అందరికంటే నువ్వు వెళ్ళకూడదు."

"అదేం? నేనేం పాపం చేసేను?"

ఆ ముక్క చెప్పడానికి హైమకి నోరు రాలేదు. అప్పుడు చెప్పి ఉంటే కథ ఇంకోలా ఉండేది. చెప్పలేదు. "వెళ్ళొద్దన్నాను కదా" అని కసిరి ఊరుకుంది. అమ్మకి పిల్లలు కసిరితే వినే అలవాటు ఏనాడూ లేదు.

తెల్లారాక హైమ మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్ళింది, చక్రధర్ కాళ్ళు పట్టుకునైనా ఆ ఒక్క పేరు చెరిపించుకుందామని. డాబా మెట్ల దగ్గర కాపలావాడు ఆపబోతే, రానివ్వమని పైనుంచి చక్రధరే పిలిచాడు.

"రామ్మా రా. ఇది పనిచెయ్యడం లేదేంటో చూడు."

ఆమె పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. రోహిణీ కార్తె ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది. గేటు ఎదురుగా యాభై మంది ఆడవాళ్ళు. ఇద్దరిద్దరు ఒక్కో గుడ్డ రెండు కొసలూ పట్టుకుని, తడిగుడ్డలతో గోడ కట్టి నిలబడ్డారు. అన్నీ రేకులు తీసే గుడ్డలే. వాటి వెనకాల కట్లు కట్టుకున్న మగవాళ్ళు, కట్టుతో తాతాజీ. అందరికంటే ముందు వరసలో, నడుం బిగించి, నూకరత్నం. యంత్రం పంపిన చప్పుడు తడికి తగిలి వెనక్కి వచ్చేస్తోంది. ఒక్కరికీ ఏమీ కావడం లేదు.

హైమకి గొంతులో ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "పనిచెయ్యదు" అంది. "అది మా అమ్మ."

అంతలోనే గుడ్డల రంగు కనబడింది. నీళ్ళ తడి కాదు, పాలలాంటి తెలుపు. చుక్కలు చిక్కగా కారుతున్నాయి. ఫ్యాక్టరీ కుళాయి కట్టేశారు. మే నెల కాబట్టి కాలువలూ కట్టేసే ఉన్నాయి. దగ్గర్లో నీటిబొట్టు లేదు. పనికని రుబ్బి పెట్టుకున్న పిండి మాత్రం కుండల కొద్దీ ఉంది. చేతిలో ఉన్న గుడ్డని పిండిలో ముంచడం వాళ్ళకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. ముంచేశారు. తడే కదా అనుకున్నారు.

"అమ్మా! పిండి కాదే! నీళ్ళు! నీళ్ళు తెండి!"

నినాదాల్లో ఆమె కేక ఎవరికీ వినబడలేదు. మెట్లు దిగబోతే కాపలావాడు వెనక నుంచి నడుం పట్టేసుకున్నాడు. ఆమె చూస్తుండగానే గుడ్డల అంచులు ముందు ఆరాయి. తర్వాత అంచుల నుంచి నడుమకి తెల్లటి పొర పాకింది. జన్మంతా ఏ సంగతి చదివిందో అదే కళ్ళ ముందు, గజాల కొద్దీ జరుగుతోంది. యాభై మంది ఆడవాళ్ళు చేతుల్తో పట్టుకున్నది ఇప్పుడు గుడ్డ కాదు, పెద్ద పెద్ద రేకులు.

తెర మీద 'రేకు' పక్కన దీపం వెలిగింది.

"ఆ, దారికొచ్చింది" అన్నాడు చక్రధర్, మీట పైకి తోస్తూ.

గుడ్డలన్నీ ఒక్కసారే పెళపెళమన్నాయి. పిండిపొర బద్దలై గాజుపెంకుల్లా ఎగిరింది. ముందు వరసలో వాళ్ళ ముఖాలు, కనురెప్పలు, పెదాలు చీరుకుపోయాయి. కానీ ఎముకలు విరగలేదు. యంత్రం ఎదురుగా ఉన్నవాటిలో గట్టిగా పలికేదానికే జవాబిస్తుంది, రేకులు పలుకుతున్నంతసేపూ దానికి మనుషులు వినబడలేదు. తెలిసి చేసినా తెలియక చేసినా ఆ పిండి వాళ్ళకి ఓ అయిదు నిమిషాలు ఆయుష్షు పోసింది. ఆ అయిదు నిమిషాలూ హైమ కాపలావాడి పట్టులో గింజుకుంటూ, "సర్, కట్టెయ్యండి సర్, మీకు దండం పెడతాను" అని ఏడుస్తూనే ఉంది. ఒక్కొక్క గుడ్డే పీలికలైంది. పొడి రాలిపోయి ఉత్త నూలు మిగిలింది.

'రేకు' పక్కన దీపం ఆరిపోయింది. కింది దీపం వెలిగింది.

"ఇదేంటి, అమ్మ అని ఉంది?" చక్రధర్ ముందుకి వంగి చదివాడు. తమాషాగా అనిపించింది కాబోలు, నవ్వాడు. నవ్వుతూనే మీట చివరిదాకా తోశాడు.

నూకరత్నం పీలికైన గుడ్డని మళ్ళీ ముంచడానికి కుడిచెయ్యి కుండలో పెట్టి ఉంది. అక్కడున్నవాళ్ళందరిలో యంత్రానికి పేరు పెట్టి తెలిసిన ఎముక అదొక్కటే. మణికట్టు విరిగిన చప్పుడు డాబా మీదికి కూడా వినబడింది. చెయ్యి బయటికి తీసింది. పిండి ఓడుతున్న చెయ్యి, మణికట్టు దగ్గర పక్కకి తిరిగిపోయి, వేళ్ళు ఆకాశంలోకి చూస్తున్నాయి. ఆమె అరవలేదు. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, ఆ కుండ పక్కనే చతికిలబడింది. యంత్రం ఆగలేదు. ఆ చెయ్యి మళ్ళీ మోచేతి దగ్గర విరిగింది. అప్పుడు అరిచింది.

ఆ కేకకి హైమలో ఏది తెగిందో ఆమెకే తెలీదు. కాపలావాడి చెయ్యి కొరికింది. నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చేదాకా కొరికింది. వాడు వదలగానే వెనకనుంచి యంత్రం మెడ పట్టుకుని, బలమంతా పెట్టి, దాని నోరు చక్రధర్ వైపు తిప్పింది.

చక్రధర్ కోపంతో లేచి, "ఏయ్!" అనబోయి నోరు తెరిచాడు. ఆయన ఏనాడూ బస్తా మొయ్యలేదు, పిండి రుబ్బలేదు. ఆయన ఒంట్లో చేసిన కష్టమల్లా దవడలదే. ముప్పై ఏళ్ళ వక్క. యంత్రానికి అంత గట్టిగా పలికింది ఇంకేదీ కనబడలేదు. దవడపళ్ళు ఒక్కొక్కటే నోట్లోనే పేలాయి. పెంకులు బుగ్గల్లో దిగబడ్డాయి. చేతులు అడ్డం పెట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు, వేళ్ళ సందుల్లోంచి రక్తం, తెల్లటి ముక్కలు. "ఆపు" అన్నాడో ఏమో, ఆ నోట్లోంచి మాట రాలేదు.

ఆపొచ్చు. మీట చేతికందేంత దూరంలోనే ఉంది. హైమ ఆపలేదు. ఇది నిజం కాబట్టి చెప్పాల్సిందే. ఆయన దవడ ఎముక ఫట్‌మనేదాకా, ఆ మనిషి డాబా మీద పొర్లాడేదాకా, ఆమె పళ్ళు బిగించి యంత్రాన్ని అలాగే పట్టుకుంది. ఇంకా చాలనిపించలేదు. కాపలావాడు పారిపోయాడు. చివరికి కింద నుంచి, "అక్కా! అమ్మే, అక్కా!" అని తాతాజీ గొంతు వినబడ్డాక ఆమెకి తెలివొచ్చింది.

యంత్రాన్ని పిట్టగోడ మీంచి తోసేసింది. కింద ఆడవాళ్ళు రోకళ్ళతో, రాళ్ళతో, విరగని చేతుల్తో దాని మీద పడ్డారు. ఆరేళ్ళ పని అయిదు నిమిషాల్లో ముగిసింది. చెరిపెయ్యాలా అని ఈసారి ఎవరూ అడగలేదు.

*

రెండు నెలలయ్యాక, తొలకరి పడ్డాక, నూకరత్నం మళ్ళీ కుండ ముందు కూర్చుంది. డాక్టరు ఎముకకి పలకలు వేసి బిగించాడు. చెయ్యి నిలుస్తుంది గానీ పట్టు మాత్రం ఇంక రాదన్నాడు. ఆమె ఎడమచేత్తో గుడ్డ లాగడం నేర్చుకుంటోంది. రేకు ఒక పక్క మందంగా, ఒక పక్క చిల్లులుగా లేస్తోంది. చూసి తిట్టుకుంటూ పొయ్యిలో పారేస్తోంది. కట్టు విప్పేసిన తాతాజీ కొబ్బరాకులు పొయ్యిలోకి తోస్తున్నాడు.

కంపెనీ మూతపడింది. విచారణ జరుగుతోంది. చక్రధర్ కాగితం మీద రాసి సమాధానాలు చెబుతున్నాడు. హైమ రోజూ వెళ్ళి వస్తోంది. విరుపు మీట పెట్టింది నేనే, ప్రమాదం లేదని సంతకం పెట్టింది నేనే, ఆ మనిషి దవడ విరిగేదాకా పట్టుకుంది నేనే, అని అన్నీ ఒప్పుకుంది. అన్నీ అంటే అన్నీ కాదు. అయిదో పేరు సంగతి అక్కడ ఎవరూ అడగలేదు.

ఆ రోజు విచారణ నుంచి వచ్చి, చెప్పులు విప్పి, కుండ పక్కన కూర్చుంది. ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు.

"అమ్మా, ఆ యంత్రానికి ఎముక పలుకు తెలిసింది నీ వల్లే."

"నా వల్లేంటే?"

"ఆ రోజు నీ చెయ్యి దాని చెవికి ఆనించాను చూడు. ముచ్చటేసి దాచుకున్నాను. నీ పేరే పెట్టుకున్నాను. అది లేకపోతే దానికి అప్పడాలూ వడియాలే తెలిసేవి. సత్తిబాబు చెయ్యి విరిగేది కాదు. తమ్ముడి భుజం, నీ చెయ్యి, ఏవీ విరిగేవి కావు."

తాతాజీ ఆకులు తోయడం ఆపేశాడు. నూకరత్నం గుడ్డ పిండిలోనే వదిలేసి కూతురి ముఖంలోకి చూసింది.

"తెలీక చేసేవు."

"మొదట తెలీక. సత్తిబాబు పడిపోయాక తెలుసమ్మా. తెర మీద నీ పేరు వెలుగుతుంటే చూశాను. చెరిపేద్దామని వేలు పెట్టాను."

"పెట్టి?"

"ఆరేళ్ళ పని పోతుందని తీసేశాను."

కుండ మీద పడ్డ పిండిచుక్క ఒకటి ఆరి, చిటుక్కుమని రాలింది.

"చెరపడానికి ఎంతసేపు పట్టేదే?"

"ఒక్క క్షణం."

నూకరత్నం ఎడమచెయ్యి ఎత్తి కూతురి చెంప మీద లాగి ఒక్కటిచ్చింది. జన్మలో ఎన్నడూ పిల్లల్ని కొట్టని మనిషి. పిండి చెయ్యి, అయిదు వేళ్ళూ తెల్లగా అచ్చుపడ్డాయి. తాతాజీ లేవబోయి, అమ్మ ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాడు. నూకరత్నం ఏడుస్తోంది. చేతి కోసం ఏనాడూ ఏడవని మనిషి, భుజాలు కదిలిపోయేలా ఏడుస్తోంది.

హైమ చెంప తుడుచుకోలేదు. లేచి వెళ్ళలేదు కూడా.

కాసేపటికి నూకరత్నం మోచేత్తో కళ్ళు తుడుచుకుని, పీట మీదున్న రేకుకేసి చూసింది. పొద్దుటి నుంచీ తీసినవాటిలో అదొక్కటే కాస్త తిన్నగా వచ్చింది. దాని అంచులు అప్పటికే పైకి లేస్తున్నాయి.

"ఆ తడిగుడ్డ ఇలా తే" అంది బొంగురు గొంతుతో. "ఆరిపోతంది."

హైమ గుడ్డ నీళ్ళలో ముంచి, పిండేసి, ఆమె ఎడమచేతికి అందించింది.